ఎర్ర టేపు లేని సీసా

మా ల్యాబులో ఒక నియమం ఉంది. కణాలకు పోసే పోషకద్రవంలో ఏమీ కలపకపోతే సీసా పై అరలో ఉండాలి. ఏదన్నా కలిపితే ఎర్ర టేపు చుట్టి కింది అరలో పెట్టాలి. అక్షరమ్ముక్క రానివాడికి కూడా అర్థమవుతుంది. డాక్టరేట్ చేస్తున్న నేను తప్పాను.

మేము పెంచేది రక్తనాళాల లోపలి గోడ కణాలను. మామూలుగా అవి తమ పని తాము చేసుకుంటాయి. ఇంటర్‌ఫెరాన్ అనే సైటోకైన్, అంటే కణాల మధ్య కబుర్లు మోసే ప్రోటీన్, రవ్వంత తగిలితే చాలు, శత్రువు చొరబడ్డాడని కబురందినట్టు, రక్షక కణాలకు ఆనవాలు చూపే అణువులను ఒంటినిండా మొలిపించుకుంటాయి. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే పచ్చగా మెరుస్తాయి. ఆ కబురు అందని కణాలను పెంచడం అక్క పని. వాటితో పోల్చితేనే మా ప్రయోగానికి విలువ.

అక్క అంటే మా టెక్నీషియన్. నాకు పిపెట్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే. పన్నెండేళ్లుగా ఏడాది కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తోంది.

ఆ సోమవారం అక్క కణాలన్నీ పచ్చగా వెలిగాయి.

"నాలుగు నెలల పని నీళ్లపాలు చేశావు. శుభ్రత లేని చేతులతో ఈ పనెందుకు? నెలాఖరుతో నీ కాంట్రాక్టు ఆపేద్దాం," అంది ల్యాబు నడిపే మా మేడం, అక్కతో, అందరి ముందూ.

అప్పుడు గుర్తొచ్చింది. గురువారం బస్సు పోతుందన్న తొందరలో, ఇంటర్‌ఫెరాన్ కలిపిన సీసాను పై అరలో పెట్టేశాను. టేపు రేపు చుడదాంలే అనుకున్నాను. ఏమీ కలపని ద్రవమనుకుని అక్క దాన్నే తన కణాలకు పోసింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను అదీ చేయలేదు. పైగా మేడం అడిగితే, "ఎక్కడో కలుషితమై ఉంటుంది," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నెలాఖరున అక్క తన కోటు మడత పెడుతుంటే నోరు పెగిలింది.

"అక్కా, ఆ సీసా నాది."

"తెలుసు. మూత మీద తేదీ నీ రాతే. ఆ రోజే చూశా."

"మరి మేడంతో చెప్పలేదేం?"

"నువ్వే చెబుతావనుకున్నాను రా. రోజూ పొద్దున్నే నీ మొహం చూసేదాన్ని, ఇవాళ చెబుతాడులే అని."

సీసా తీసుకుని మేడం గదికి నడిచాను. తలుపు కొట్టి, ధైర్యం కోసం వెనక్కి తిరిగాను.

అక్క నా వైపు చూడటం లేదు.