ముక్కు కోయని గీత

మా ల్యాబులో ముక్కు కోయడం అంటే భయపడాల్సిందేమీ లేదు. వోల్టేజి ఇచ్చిన క్షణంలో కరెంటు గీత ఒక్కసారి పైకెగిరి, కాసేపు ఊగి, ఆ తర్వాత బుద్ధిగా నిలబడుతుంది. ఆ ఎగరడం, ఊగడం గీతకు ముక్కు. దాన్ని కత్తిరించి పారేసే లైను ఒకటి మా కంప్యూటర్ ప్రోగ్రాంలో ఉంది. ఎవరు రాశారో తెలీదు, ఎందుకు రాశారో అంతకన్నా తెలీదు. కొత్తగా చేరినవాళ్ళకి టీ ఎక్కడ దొరుకుతుందో చెప్పి, వెంటనే ముక్కు కోయడం మర్చిపోవద్దని చెబుతారు.

నేను కోయనన్నాను. అక్కడ మొదలైంది గొడవ.

మేం కొలిచేది కంటికి ఆనని వస్తువు. రెండు పక్కలా సన్నటి లోహపు పొరలు, మధ్యలో క్వాంటం డాట్, అంటే ఎలక్ట్రాన్లు ఒకటీ అరా మాత్రమే పట్టే ఇరుకు గది. బాగా చల్లబరిస్తే ఆ లోహాలు సూపర్ కండక్టర్లవుతాయి. అప్పుడు ఎలక్ట్రాన్లు జంటలు కట్టి అడ్డూ అదుపూ లేకుండా పారతాయి. ఆ జంటలు ఈ ఇరుకు గది గుమ్మం దగ్గరికొచ్చి సర్దుకుపోయాక ఎలా ఉంటాయో చాలామంది కొలిచారు. సర్దుకునేలోపు జరిగే పెనుగులాట నాకు కావాలి. కొత్త కాపురం ఎలా ఉందో పదేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే ఏం తెలుస్తుంది?

మా అత్తయ్యకు ఇవేవీ పట్టవు. ఆ లోహాలను చల్లబరిచే యంత్రాన్ని మేం ఫ్రిజ్ అంటాం. నేను ఫ్రిజ్ దగ్గర పని అంటుంటే విని, కోడలు ఫ్రిజ్‌లు బాగుచేస్తుందని పక్కింటావిడతో చెప్పేసింది. వాళ్ళ ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టడం లేదట, ఆవిడ కబురు మీద కబురు పెట్టింది. మా ఆయన నవ్వాపుకోలేక చచ్చాడు. గొడవ తేలాల్సిన రోజు పొద్దున మాత్రం నా మొహం చూసి ఇద్దరూ ఫ్రిజ్ ఊసెత్తలేదు.

ఎందుకంటే ఆ సాయంత్రం మా ల్యాబు ఫ్రిజ్ ఆపేస్తున్నారు. పంపు మొరాయిస్తోంది, విప్పక తప్పదు. వేడెక్కితే డాట్ ఉన్న చిప్పు పాడవదు గానీ, మళ్ళీ చల్లబరిచేసరికి అందులో అక్కడక్కడా చిక్కుకున్న ఎలక్ట్రాన్లు చోట్లు మారిపోతాయి. ఆ డాట్ ఇక ఆ డాట్ కాదు. ఏడాదిపాటు మచ్చిక చేసుకున్నది పోతుంది. మా గైడ్‌గారు చెప్పాల్సింది చెప్పేశారు. ముక్కులో కనిపించే ఊపు డాట్‌ది కాదు, కేబుల్‌ది. సిగ్నల్ కేబుల్ చివర తగిలి వెనక్కొచ్చి అలా ఊగుతుంది. కాదని సాయంత్రంలోగా చూపించలేకపోతే మా పరిశోధన పేపర్లో ఆ భాగం ఉండదు. ఆయన చెడ్డవాడేం కాదు, తప్పు అచ్చయితే తలెత్తుకోలేమని భయం. ఆ భయం నాకూ ఉంది. కానీ చూడకుండానే కోసెయ్యడాన్ని జాగ్రత్త అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ల్యాబుకి వెళ్ళగానే ఫ్రిజ్ బయటి కేబుల్ తీసేసి, దానికన్నా బాగా పొడుగుది బిగించాను. ఊపు కేబుల్‌దే అయితే, సిగ్నల్ వెళ్ళి తిరిగొచ్చే దూరం పెరిగి, నెమ్మదించాలి. నెమ్మదించింది. కుర్చీలో కూలబడ్డాను.

కాసేపటికి మనసు ఒప్పక, పాత గీతనూ కొత్త గీతనూ ఒకదాని మీద ఒకటి వేసి చూశాను. పెద్ద ఊపు పక్కకి జరిగింది. దాని చాటున చిన్న ఊపు ఒకటుంది, అది మాత్రం ఇసుమంతైనా జరగలేదు. ఇన్నాళ్ళూ రెండూ కలిసిపోయి ఒకటిగా కనిపించాయి. నేను గొప్పలు చెప్పుకున్నదాంట్లో ముప్పాతిక వంతు కేబుల్‌దే. మిగిలింది నాదై ఉండొచ్చు.

గైడ్‌గారిని పిలిచి ముందు నేను ఓడిన సంగతి చెప్పాను, తర్వాత మిగిలింది చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఇది లోపలి వైరుది కాదని ఏమిటి నమ్మకం అన్నారు. న్యాయమైన మాటే. ఫ్రిజ్ లోపలి వైర్లను నేను మార్చలేను.

"అయస్కాంతం వేద్దాం సార్," అన్నాను.

గట్టి అయస్కాంతం ముందు ఆ జంటలు నిలవవు, విడిపోతాయి. చిన్న ఊపు జంటలదే అయితే వాటితోపాటు పోవాలి. వైర్లదైతే ఎక్కడికీ పోదు. కానీ అయస్కాంతం తీసేశాక కూడా దాని ప్రభావం కొంత లోహంలో చిక్కుకుపోతుంది, వేడెక్కిస్తే తప్ప వదలదు, అందాకా తీసే గీతలన్నీ చెడిపోతాయి. అందుకే ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు.

"ఉన్న టైములో ఇంకొన్ని గీతలు తీసుకోవచ్చు కదమ్మా," అన్నారాయన. "చేతులారా పోగొట్టుకుంటావా?"

"పోతుందో లేదో తెలియాలి సార్. తెలియకుండా దాచుకుని ఏం చేసుకోను?"

ఆయన సరేనని తలూపారు. అప్పటికే పంపు విప్పే మెకానిక్ పనిముట్ల పెట్టెతో వచ్చి, గుమ్మంలోనే మర్యాదగా ఆగాడు. నేను అయస్కాంతాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాను. కేబుల్ ఊపు చెక్కుచెదరలేదు. చిన్న ఊపు పలచబడింది. ఇంకా పలచబడింది. ఆఖరికి దాని జాడే లేదు. ఎవరెన్ని చెప్పినా వదలకుండా పట్టుకున్నది నా కళ్ళముందే, నా చేత్తోనే మాయమైంది.

గైడ్‌గారు కుర్చీ లాక్కుని స్క్రీన్ దగ్గరికి జరిగారు. "పోయిందమ్మా," అన్నారు మెల్లిగా.

"పోయింది సార్," అన్నాను. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. కళ్ళు తుడుచుకోవడం చూసి మెకానిక్ ఏదో నష్టం జరిగిపోయిందనుకున్నాడు పాపం. కావాలంటే పంపు రేపు విప్పుతాను మేడం అన్నాడు.

"అక్కర్లేదు," అన్నాను. "ఫ్రిజ్ ఆపెయ్యండి."