ఇమ్మానుయేలు పాస్‌వర్డ్

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో పోర్టు క్వార్టర్ల వెనక సందులో విజయ కుమారి టీచర్ ముందుగది తలుపు పొద్దున్న తొమ్మిదింటికి తెరుచుకునేది. తెలుగు బడిలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆ గదిలోకి పిల్లల బదులు ఫోన్లు, ప్రింటర్లు, ముసలి లాప్‌టాప్‌లు వచ్చేవి. కొత్త విండోస్ మొయ్యలేక మూలుగుతున్న లాప్‌టాప్‌లో ఆవిడ లైనక్స్ అనే తేలికపాటి సిస్టం ఎక్కించి, ఇంకో నాలుగేళ్ళు నడిచేలా చేసి ఇచ్చేది.

ఎవరైనా "పనిచెయ్యట్లేదు టీచరమ్మా" అంటే ఒప్పుకునేది కాదు. "నువ్వేం చేశావు? ఏమవుతుందనుకున్నావు? ఏమైంది? ఈ మూడూ వరసగా చెప్పు" అనేది. రెండోది చెప్తుండగానే సగం మంది నాలిక కరుచుకుని, ప్లగ్గు పెట్టుకోడానికి ఇంటికి పోయేవాళ్ళు.

మిగతావాళ్ళ వస్తువులు బల్ల మీదికి వచ్చేవి. తప్పు ఎక్కడుందో దొరకగానే ఆ వస్తువు బల్ల మీంచి నాలుగు వేళ్ళెత్తు లేచేది. కాసేపు అలా ఉండి, నెమ్మదిగా దిగేది. అందుకే సందులో ఎవరూ "బాగైందా?" అని అడగరు, "లేచిందా?" అంటారు. ఒకసారి సందు చివరింటి పుష్పరాణి ఫోను లేచి కిటికీలోంచి ఎదురింటి బాల్కనీలోకి పోతే, బట్టలారేస్తున్న బెంగాలీ ఆవిడ దాన్ని ఒడిసిపట్టుకుని, "దీదీ, కిటికీ వేసుకోకూడదా?" అని విసుక్కుంటూ తిరిగిచ్చింది.

ఆ గురువారం పొద్దున్న నరసమ్మ వచ్చింది. పోర్టులో క్రేను నడిపిన ఇమ్మానుయేలు భార్య. ఆయన పోయి రెండు నెలలైంది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మర్నాడు తమ్ముడు గవరయ్య వచ్చి ఆవిణ్ణి పలాస తీసుకుపోతాడు.

"దీన్ని తుడిసీసి సండే స్కూలు పిల్లలకి ఇచ్చీండి టీచరమ్మా" అంటూ చీరముక్కలో చుట్టిన లాప్‌టాప్ బల్ల మీద పెట్టింది. "ఆయనే లేడు, ఇది నాకేటికి?"

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, గుమ్మంలోంచి ఆయాసపడుతూ హెప్సీ వచ్చింది. నరసమ్మ ఒక్కగానొక్క కూతురు.

"తుడవకండి టీచరమ్మా! ముందు తెరవండి."

ఏడేళ్ళ కిందట హెప్సీ కలకత్తా శివారులోని బడ్జ్ బడ్జ్‌లో ఎలక్ట్రీషియన్ పని చేసే బెంగాలీ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. ఆ రోజు ఇమ్మానుయేలు "నా కళ్ళముందుకి రావొద్దు" అన్నాడు. అదే ఆఖరి మాట. ఆయన సమాధి దగ్గర కూడా హెప్సీ అందరికంటే వెనక నిలబడింది.

"పలాసలో మావయ్య తప్ప నీకెవరున్నారమ్మా? పుట్టింది ఇక్కడ, బతికింది ఇక్కడ. మాయింట్లో గది ఉంది, కిటికీలోంచి గంగ కనబడతాది."

"పలాసెళ్ళాలని నాకేటి సరదానా? మీ నాయిన ఒక్క మాటంటే ఎప్పుడో ఒచ్చీదాన్ని. అన్లేదు. రావొద్దన్న మాట నానెలా దాటతానే?"

"ఇందులో రాసుంటే?"

నరసమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

టీచర్ లాప్‌టాప్ ఆన్ చేసింది. నల్లటి తెర మీద ఒక్క గీత మినుకుమినుకుమంటోంది.

"చూడు హెప్సీ. లోపలున్నదంతటికీ మీ నాన్న తాళం వేసుకున్నాడు. ఎలా వెయ్యాలో నేర్పింది నేనే. బ్యాంకు వాళ్ళలాగా ఇక్కడ 'మర్చిపోయాను' అనే బొత్తం ఉండదు. పాస్‌వర్డ్ తెలిస్తే తెరుచుకుంటుంది. తెలియకపోతే నేను కాదు, ఎవరూ తెరవలేరు. తుడిచేశామా, లోపలున్నదీ పోతుంది."

హెప్సీ తన పేరు కొట్టింది. అమ్మ పేరు, చర్చి పేరు, క్రేను నంబరు కొట్టింది. లాప్‌టాప్ బల్లని కరుచుకుని కూర్చుంది.

"ఆగు. మనం మొత్తం లెక్క ఒక్కసారే చేసేద్దామనుకుంటున్నాం" అంది టీచర్. "ఒక్కో అక్షరం కొడదాం. అక్షరం సరైనదైతే, తప్పు ఆ మేరకి దొరికినట్టే కదా? ఆ మేరకి లేవాలి."

పాత పోస్టుకార్డుల కట్ట తెచ్చి పక్కన పెట్టుకుంది. ఇంగ్లీషు 'ఏ' కొట్టింది, కదల్లేదు. చెరిపి బీ కొట్టింది. లాప్‌టాప్ కింద సరిగ్గా ఒక కార్డు దూరింది.

ఆ తర్వాత ఒకటే పని. కొట్టడం, చెరపడం, కార్డు పెట్టి చూడడం. 'ఓ' కొట్టేసరికి రెండో కార్డు పట్టింది. నరసమ్మ "బోలెడు సామాన్లు కట్టాలి" అంటూనే కార్డులు అందించింది. పన్నెండయ్యేసరికి ఏడు కార్డులు.

"బీ, ఓ, సీ, హెచ్, సీ, హెచ్, ఈ" హెప్సీ కూడబలుక్కుంది. "బొచ్చె?"

"అన్నం తినే బొచ్చేనా?" నరసమ్మ ఫక్కున నవ్వింది. రెండు నెలల్లో అదే మొదటి నవ్వు. "మీ నాయినకి తిండి గోల తప్ప ఇంకేటుందే!"

హెప్సీ నవ్వలేదు. "నాకోసం ఏటీ లేదు. తుడిచీండి టీచరమ్మా" అని లేచింది.

"కూర్చో. ఇంకా అవలేదు" అంది టీచర్. "మీ నాన్న నా పేరు ఇంగ్లీషులో ఎలా రాసేవాడో గుర్తుందా?"

"బిజొయా టీచర్ అని. బెంగాలీ బడిలో చదివేడు కదా. తెలుగు రాయడం రాదు, చర్చి పాటలు కూడా అలాగే ఇంగ్లీషక్షరాల్లో రాసుకునీవోడు."

"నేనెన్నిసార్లు దిద్దినా మారలేదు. మన 'వ' ఆయనకి బీ. మన 'అ' ఆయనకి ఓ. ఇప్పుడు చదువు."

హెప్సీ ఏడు అక్షరాల మీదా వేలు పెట్టి చదివింది. "వ... వచ్చె..."

టీచర్ వరసగా వెతుక్కుంటూ 'వై', ఇంకో 'వై', 'ఈ' పట్టుకుంది. పది కార్డులు. అక్కడ హెప్సీ ఆవిడ చెయ్యి పక్కకి జరిపింది. మిగిలిన ఐదక్షరాలూ వెతక్కుండా కొట్టింది. అది ఇమ్మానుయేలు కూతుర్ని పిలిచే పిలుపు. మూడు గదులవతల ఉన్నా వినబడేలా పిలిచేవాడు.

వచ్చెయ్యే గుంటా.

లాప్‌టాప్ జానెడు లేచింది. పోస్టుకార్డులు నేలంతా చెదిరాయి.

తెర తెరుచుకుంది. హెప్సీ ఫోల్డర్లన్నీ వెతికింది. ఒక్క ఉత్తరం లేదు, ఒక్క ఫొటో లేదు. ఇమ్మానుయేలు అందులో ఏమీ దాచుకోలేదు.

"లైనక్సుకి ఒక అలవాటుంది" అంది టీచర్. "ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో తనే రాసుకుంటుంది." చిన్న కమాండ్ కొట్టింది. తేదీలు కిందికి జారుతూనే ఉన్నాయి. ప్రతిరోజూ పొద్దున్న ఆరుంపావుకి తెరవడం, రెండు నిమిషాలకి మూసెయ్యడం. ఆదివారాల్లేవు, పండగల్లేవు. ఐదేళ్ళ పైమాట. ఆఖరిది, ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు పొద్దున్న.

"ఎదర కూసోని టకటకమని కొట్టి మూసీసీవోడు" అంది నరసమ్మ మెల్లగా. "ఏటి సేస్తన్నావంటే, గాలి ఆడిస్తన్నానే అనీవోడు. దీన్నా అంటే, దీన్నే అనీవోడు."

హెప్సీ గాల్లో ఉన్న లాప్‌టాప్ అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "రోజూ పిలిచేడు. నాకు వినబళ్ళేదమ్మా" అంది.

నరసమ్మ తెర వంక చూసింది. ఆవిడకి ఆ అక్షరాలు రావు. కొంగులోంచి ఫోను తీసి తమ్ముడికి కలిపింది.

"గవరయ్యా, టికెట్టు తీసీసినావేటి? నీదొక్కటీ ఉంచి నాది మానిపించీ... ఎందుకేటి, మీ బావ ఆ మాటన్నాడు. ఇప్పుడే తెలిసింది నాకు."

ఫోను పెట్టేసి కూతురి వైపు తిరిగింది. "మాజేర్‌హాట్‌లో మీ బడ్జ్ బడ్జ్ లోకల్ రైలు ఎన్నింటికే?"

"నాలుగింటికి ఒకటుందమ్మా."

"మరి నిలబడిపోనావేటే? మూటలు కట్టొద్దేటి?"