ఖాళీ గదిలో రెండో కుర్చీ

మా సంస్థ చరిత్రంతా రెండు మడత కుర్చీల్లో ఉంది.

దుకాణాలకీ ఆఫీసులకీ గదులు వెతికిపెట్టడం మా పని. మిగతా బ్రోకర్లు యజమాని దగ్గరా, అద్దెకు దిగేవాడి దగ్గరా రెండు చేతులా పుచ్చుకుంటుంటే, నాన్న, బాబాయి మాత్రం అద్దెకు దిగేవాళ్ళ తరఫునే మాట్లాడతామని ఒట్టేసుకుని 'బ్రదర్స్' అని బోర్డు కట్టారు. యజమానికి భవనమంతా ఉంది, పాపం వీడికెవరున్నారని నాన్న వాదన.

ఒప్పందానికి ముందు ఇద్దరూ ఆ ఖాళీ గదిలో కుర్చీలు వేసుకుని ఒక పూటంతా ఊరికే కూర్చునేవారు. ఎండ ఎటు తిరుగుతుందో, పక్కగదిలో ఏ యంత్రం మోగుతుందో బాబాయి ఇట్టే పసిగట్టేవాడు. ఆయన పెదవి విరిచాడంటే ఆ గది సంగతి అంతే.

తర్వాత పెద్ద భవనాల యజమాని ఒకాయన బాబాయిని తన వైపు లాక్కున్నాడు. బాబాయికి నెలనెలా జీతం కావాల్సి వచ్చింది, అందులో తప్పేముంది? నాన్నకు మాత్రం తల కొట్టేసినట్టయింది. అన్నదమ్ముల మధ్య మాటల్లేవు.

నేను చదువు ముగించి ఆఫీసుకొచ్చేనాటికి బోర్డు మీద 'బ్రదర్స్' అలాగే ఉంది. గది చూడటానికి ఎక్కడికెళ్ళినా నాన్న రెండు కుర్చీలూ మోసుకొచ్చేవాడు. రెండోది విప్పకుండా గోడకి ఆనించేవాడు. నేను నేలమీద చతికిలబడేదాన్ని. ఒళ్ళు మండి, కూతురికన్నా తమ్ముడి కుర్చీ ఎక్కువా అని ఒకసారి అడిగేశాను. ఆ రోజు నాన్న అన్నం కెలికి లేచిపోయాడు. అప్పట్నుంచి నాక్కూడా బాబాయి మీద బెంగ పట్టుకుంది. ఆయన తిరిగొస్తే చాలనిపించేది.

ఈమధ్య మా ఆఫీసున్న భవనం కూల్చేస్తున్నామన్నారు. అందరికీ గదులు చూసిపెట్టిన మేమే రోడ్డున పడ్డాం. తిరగ్గా తిరగ్గా ఒక్క గది నచ్చింది. అది ఆ పెద్ద యజమానిదే. తాళాలు తెచ్చింది బాబాయి.

జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి ఇంత పొడుగయ్యావా అన్నాడు, నాన్న వైపు మాత్రం చూడలేదు. గుమ్మంలోనే నిలబడి గది గొప్పలన్నీ పాఠంలా అప్పజెప్పాడు. నాన్న అంతా విని, గోడకి ఆనించిన కుర్చీ తీసి, విప్పి, తన పక్కన వేశాడు. కూర్చోమనలేదు.

బాబాయి చాలాసేపు తటపటాయించి, వచ్చి కూర్చున్నాడు. గది పోతే పోనీ, ఈయన లేచి వెళ్ళకపోతే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది. ఇద్దరూ ఎదురుగోడని చూస్తూ ఉండిపోయారు. ఎండ కిటికీ దాటిపోయింది. అప్పుడు బాబాయి తల పక్కకి వంచి ఏదో విన్నాడు.

"వద్దన్నయ్యా. ఈ గోడవతల లిఫ్టు మోటారుంది. రోజంతా ఈ హోరులో నీకు తలనొప్పి తప్పదు."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, కళ్ళు కూడా.

"సరే, ఇంకోటి చూద్దాం పద."

బాబాయి లేచి, తన కుర్చీ తనే మడిచి చంకన పెట్టుకున్నాడు.