అర లీటరు

వీరాస్వామి సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, నీళ్ళు అయిదో గీత దగ్గర ఆగాయో లేదో చూశాడు. రెండు చుక్కలు ఎక్కువైనట్టనిపించి సింకులోకి ఒంపాడు. సీసా మీద నల్ల టేపు ముక్కలతో అతికించిన గీతలు అయిదు. గీతకి నూరు మిల్లీలీటర్లు. అతని భార్య రత్నావతికి రోజంతటికీ అంతే, అర లీటరు. ఆవిడ మూత్రపిండాలు చేతులెత్తేసి నాలుగేళ్ళయింది. మలేసియాలో వాళ్ళుండే సుంగై పెటానిలో వారానికి మూడు సార్లు డయాలిసిస్. మధ్య రోజుల్లో తాగిన నీళ్ళు బయటికి పోవు, కాళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరతాయి.

అందుకని అతనొక పద్ధతి పెట్టాడు. ఆవిడ నోట్లోకి తడి ఏది పోయినా, సరిగ్గా అంత నీరు సీసాలోంచి ఒంపెయ్యాలి. చారు తాగితే చారంత, పండు తింటే పండంత. డాక్టరు కూడా ఇంత పట్టుగా చెప్పలేదు. కానీ గ్లవ్స్ ఫ్యాక్టరీ కాంటీనులో ఇరవై తొమ్మిదేళ్ళుగా మూడు షిఫ్టుల వాళ్ళకీ టీ పోస్తున్న చెయ్యి అది. ఏ గ్లాసులో పోసినా అంచుకి వేలెడు కిందనే ఆగుతుంది. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పోశాడన్న మాట ఎన్నడూ పడలేదు. ప్యాకింగు సెక్షన్లో కొత్తగా చేరిన రత్నావతికి మాత్రం మొదటి రోజే అంచుదాకా పోసేశాడు. పెళ్ళయ్యాక దాన్ని తప్పు కింద జమకట్టుకుని, ఆవిడ గ్లాసునీ వేలెడు కిందకే దించాడు. మనిషి తీరే అంత.

వాళ్ళిప్పుడున్న ఈ విహార ఓడ ఎక్కించింది కూతురు సుమిత. షా ఆలంలో ఉద్యోగం ఆమెది. నిన్న, శుక్రవారం, డయాలిసిస్ అవగానే ఇద్దరినీ జార్జ్ టౌన్ రేవుకి తెచ్చి ఎక్కించింది. ఆదివారం పొద్దున్న మళ్ళీ అక్కడే దిగాలి, సోమవారం మళ్ళీ మెషీను. రబ్బరు తోటలో పుట్టిన రత్నావతి సముద్రాన్ని వంతెన మీద బస్సులోంచి తప్ప చూడలేదు. "ఒక్కపాలి నీళ్ళ మీద పోవాల" అని ఆవిడే అడిగింది. గుక్కెడు నీళ్ళకి లెక్కున్న మనిషికి ఇదేం కోరికో, వీరాస్వామికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పొద్దుటి మాత్రలకి ఒక గీత పోయింది. నాలుగు మిగిలాయి.

ఫలహారానికి పై అంతస్తుకి వెళ్ళే ముందు సుమిత ఫోనులో పంపిన మాటలు మరోసారి పెట్టుకుని విన్నాడు. "అప్పా, పైన బుఫే, కింద పెద్ద హాలు, రెండూ ఫ్రీ. జపాన్ వాళ్ళది, మాంసం కాల్చేది, అవి డబ్బు. బుఫేలో నీళ్ళు, తే, కోపీ ఫ్రీ. సీసాలో ఉన్నాది, డబ్బాలో ఉన్నాది తీసుకుంటే కార్డు అడుగుతారు. ఈజీ లా అప్పా."

ఏది ఫ్రీయో తెలిసింది. రత్నావతి ఏది తినొచ్చో మాత్రం అందులో లేదు.

బుఫేలో నలభై రకాలున్నాయి. ఖాళీ పళ్ళెంతో వీరాస్వామి ఆ చివరినుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచాడు. అరటిపండు కూడదు, బంగాళాదుంప కూడదు. గంజి సగం నీళ్ళే. జెల్లీ చూడ్డానికి గట్టిగా ఉన్నా కడుపులోకి పోయాక నీళ్ళే. ఉప్పున్న కూర తింటే దాహం. తన కాంటీనులో ఏ కుండలో ఎవరు ఎంత ఉప్పు వేశారో వాసన చూసి చెప్పగలడు. ఇక్కడ గరిటె పట్టుకున్న ఆయన్ని మలయ్‌లో అడిగితే, "వంట కింద చేస్తారు అంకుల్, నేను వడ్డించేవాణ్ణి" అన్నాడు. చివరికి తెల్లన్నం, గుడ్డులో తెల్లసొన, ఉడికించిన క్యాబేజీ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"ఏటి, సంద్రం మీదకొచ్చినా ఆస్పత్రి కూడేనా?" అంది రత్నావతి.

"ఉప్పు తెల్దే. ఏటి సెయ్యను?"

పక్క బల్ల మీద అయిదు రంగుల రసాలున్నాయి. ఆవిడ వాటివంక చూడకుండా ఉండటానికి సముద్రం వంక చూసింది. అక్కడా నీళ్ళే. యంత్రంలోంచి అతను పట్టి తెచ్చిన రెండు గుక్కల టీని వాసన చూసి పక్కకి నెట్టేసింది.

మధ్యాహ్నం కింది హాలుకి వెళ్ళారు. అక్కడ అడగక ముందే సూపు గిన్నె తెచ్చి పెట్టారు. వీరాస్వామి వద్దనేలోగా ఆవిడ చెంచా ముంచింది. అతని కళ్ళలోకి చూస్తూనే వరసగా తాగింది. ఆపైన పుచ్చకాయ ముక్క తింది. అతను సంచీలోంచి సీసా తీసి, ఒక గీత నీళ్ళు ఆ ఖాళీ సూపు గిన్నెలోకి ఒంపాడు. వడ్డించే అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది.

"నేనేటి దొంగతనం సేసినానా అయ్యా? అందరి ముందరా?"

"ఊపిరాడక నువ్వు పడితే సూసేది నేనే కదా."

ఆవిడ చెంచా బల్ల మీద పడేసి లేచింది. గదికి వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాక అంది, "నాకొక తే కావాల. ఆ మిసను నీళ్ళు కాదు. కాంటీను తే, నిండు గ్లాసు. నాలుగేళ్ళయింది నిండు గ్లాసు సూసి."

అతను సీసా చూశాడు. మూడు గీతలు. రాత్రి మాత్రలకి ఒకటి. టీ గ్లాసుకి రెండు.

"నాలుగ్గంటల వరకూ సీసా ముట్టకు. అప్పుడు తెస్తాను."

"ఒట్టా?"

"ఒట్టే."

ఆవిడ ముట్టలేదు. మూడు గంటలసేపు పెదాలు తడుపుకుంటూ కూర్చుంది. మూడున్నరకి వీరాస్వామి ఇంటినుంచి తువ్వాలులో చుట్టి తెచ్చిన కాంటీను గ్లాసు బయటికి తీశాడు. సీసా మూత విప్పి, రెండు గీతల నీళ్ళు సింకులో పోశాడు. పోతున్న నీళ్ళని రత్నావతి కళ్ళార్పకుండా చూసింది.

"తే తెచ్చినాక ఒంపరాదా?"

"ముందే ఒంపేస్తే బెంగుండదు."

ఎనిమిదో అంతస్తులో తే తారిక్ అమ్మే కౌంటరుంది. రెండు మగ్గుల మధ్య సాగదీసి నురగొచ్చేలా పోసే ఆ టీ అతని రోజువారీ పని. కౌంటరు అమ్మాయి అతని ముందు ఒక అట్ట పెట్టింది. కూల్‌డ్రింకుల ప్యాకేజీ ఒకటి, కాఫీలది ఒకటి, బీరుది ఒకటి. ఒక్క గ్లాసు కావాలంటే కూడా ఇవ్వొచ్చు, కానీ అతని గది కార్డు డబ్బు చెల్లింపుకి ఇంకా నమోదు కాలేదు, కింద రిసెప్షన్లో చేయించుకుని రావాలి. చేతిలో నోటు పెడితే, "ఇక్కడ నగదు తీసుకోం" అంది.

"టీ నేనే కలుపుకుంటాను. పాలడబ్బా, టీపొడి ఇవ్వమ్మా, చాలు."

"లోపలికి రాకూడదు అంకుల్. సారీ లా."

ఇరవై తొమ్మిదేళ్ళుగా టీ పోస్తున్నవాడు, టీ గిన్నెకి మూరెడు దూరంలో, ఏమీ చెయ్యలేక నిలబడ్డాడు. తర్వాత కిందికి దిగాడు. క్యూ లిఫ్టుదాకా ఉంది. గోడ గడియారం నాలుగు దాటింది. ఒట్టు తప్పినందుకు అతనికి సిగ్గేసింది. ముందున్నవాళ్ళని అడిగి వరస తప్పించుకుందామంటే నోరు రాలేదు, జీవితంలో ఎప్పుడూ రాలేదు.

టీ చేతికొచ్చేసరికి నాలుగూ నలభై. వాళ్ళిచ్చిన మగ్గులోంచి తన గ్లాసులోకి తనే పోసుకున్నాడు. వేలెడు కింద చెయ్యి ఆగబోయింది. ఆపలేదు. ఆ మొదటి రోజు పోసినట్టే అంచుదాకా పోశాడు. పొడవాటి నడవాలో, కదిలే నేల మీద, చుక్క ఒలకకుండా తెచ్చాడు.

రత్నావతి కిటికీ వైపు తల వాల్చి ఉంది. నిద్రపోయిందనుకుని గ్లాసు బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. కాస్త చల్లారనీ అనుకున్నాడు. టీ మీద మీగడ కట్టింది.

"లెగు రత్నా. నిండుగా తెచ్చినాను, సూడు."

చెయ్యి పట్టుకున్నాక తెలిసింది.

అతను తలుపు తీసి అరిస్తే తెల్లబట్టల వాళ్ళు ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. చెయ్యాల్సిందంతా చాలాసేపు చేశారు. తర్వాత వాళ్ళలో పెద్దావిడ అతని పక్కన కూర్చుని, గుండె ఆగిపోయిందని చెప్పింది. ఇవాళ ఏం తిందని అడిగింది. వీరాస్వామి ఒక్కటీ మరిచిపోకుండా చెప్పాడు.

"ఏం తాగింది?"

"సూపు కొంచెం. నీళ్ళు నూరు," అన్నాడు. "పొద్దున్న, మాత్రలకి. నూరే." అప్పుడు మొదటిసారి ఏడుపొచ్చింది. ఎక్కువ తాగి పోతుందేమోనని నాలుగేళ్ళు కాపలా కాశాడు. దాహం తీరకుండానే పోతుందని ఒక్కనాడూ అనుకోలేదు.

రేవు చేరేదాకా కింద చల్లటి గదిలో ఉంచుతామన్నారు. స్ట్రెచరు వెనకాల నడుస్తూ, తలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూశాడు. కిటికీ పక్కన సీసా ఉంది. రాత్రి మాత్రలకని ఉంచిన ఒక గీత నీళ్ళు అందులో ఓడతో పాటు అటూ ఇటూ వాలుతున్నాయి.