కిటికీకి పట్టిన మంచు

రేవు పక్కనున్న మా బారు తెరవగానే నేను చేయాల్సిన పనులు ఇవి: బల్లలు తుడవాలి. ప్రతి బల్ల మీదా ముందు మంచినీళ్ళు పెట్టాలి. వచ్చినవాళ్ళు ఏమైనా తిన్నారో లేదో అడగాలి. మాట తడబడితే, ఎంత బతిమాలినా సరే, పోయడం ఆపాలి. ఆపాక ఆ మనిషి ఇంటికి ఎలా వెళ్తాడో కనుక్కోవాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. ఉద్యోగంలో చేరినప్పుడు నేర్పిన ఈ మాటల్ని కూడా పాఠంలా వల్లె వేసేదాన్ని. "పరీక్షలు అయిపోయాయే తల్లీ!" అని అమ్మ నవ్వేది.

ఆ పొద్దున రేవంతా మంచులో మునిగిపోయింది. నది లేదు, ఒడ్డు లేదు. ఎక్కడో గంట మోగితే అది నీళ్ళలోంచి వస్తోందో, నిద్రలోంచి వస్తోందో తెలియలేదు. లాంచీ నడిపే సరంగు వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆయన్ని నేను బాబాయ్ అంటాను.

"ఇవాళ లాంచీ కదలదమ్మాయ్. పొయ్యి."

పోశాను. మళ్ళీ పోశాను. "ఇంత మంచు నా జన్మలో చూళ్ళేదు" అన్న మాటే తిరగేసి మరగేసి చెబుతుంటే, కాసేపటికి ఆయన నోట మంచు కాస్తా మంచం అయింది. సీసాకి మూత పెట్టేశాను.

అంతలో పొగమంచు పలచబడింది. అవతలి ఒడ్డు కలలో చూసిన ఊరిలా తేలింది. సంచులు, గొడుగులు, చంకల్లో పిల్లలు. లాంచీ కోసం జనం. ఆయన కిటికీకి వీపు పెట్టి నా వైపు తిరిగి ఉన్నాడు. లాంచీ తాళం ఆయన జేబులో ఉంది. మంచు విడిందని చూశాడంటే ఈ మత్తులోనే నడపబోతాడు. ఏం చేయాలో తోచక, గ్లాసులు కడిగే వేడినీళ్ళ తొట్టి మూత తీశాను. ఆవిరి మెల్లగా పాకి అద్దాలకు పట్టింది. ఇద్దరం మేఘంలో కూర్చున్నట్టుంది.

ఆయన వెనక్కి తిరిగి అద్దం మీద వేలితో గీత గీశాడు. అందులోంచి ఎండ పడింది.

"ఏంటమ్మాయ్, మీ మంచు వేడిగా ఉంది?"

"అది దొంగ మంచు బాబాయ్. తాళం ఇలా ఇవ్వండి."

"నేను కళ్ళు మూసుకుని నడుపుతా!"

"ఎక్కేవాళ్ళు కళ్ళు తెరుచుకునే ఉంటారుగా. మీ అల్లుడు రేవులోనే ఉన్నాడు. ఆయనకీ లైసెన్సుంది."

"వాడా! వాడు లాంచీని ఎడ్లబండిలా తోల్తాడు. వాడికిచ్చే బదులు నదిలో పారేస్తా."

విసురుగా లేచాడు. నేల పడవలా ఊగినట్టుంది, గుమ్మం పట్టుకున్నాడు. చాలాసేపు అవతలికి చూశాడు.

"పిల్లలున్నారా అక్కడ?"

"ఉన్నారు బాబాయ్."

తాళం నా అరచేతిలో పెట్టాడు. గుమ్మంలోంచే అరిచాడు: "ఒరేయ్ అల్లుడూ! కుడివైపు ఇసుక మేటుంది, నిదానం!"

"అలాగే మావయ్యా!" అంది ఆశ్చర్యపోయిన గొంతు.

నేను తాళం అల్లుడికి అందించి వచ్చి కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు. లాంచీ వెలుతురులోకి జారిపోయి, అవతలి ఒడ్డు తాకేదాకా అలాగే నిలబడ్డాడు.

పట్టపగలే తాగి పని అల్లుడి నెత్తిన పడేశాడని రేవులో అందరూ వేళాకోళం చేశారు. తాగాడు, నిజమే. పోసింది నేనే. మీరెప్పుడైనా నది దాటి క్షేమంగా దిగితే, తను ఎక్కని లాంచీకి గుమ్మంలోంచి కాపలా కాసిన ఆ సరంగుని ఒక్కసారి తలుచుకోండి.