సిరా లేని పావుగంట

నా మొదటి సీరియల్ మొదటి భాగం చివర పోలీసులు తలుపు బద్దలుకొట్టారు. లోపల బోర్లా పడి ఒక శవం ఉంది. అది ఎవరిదో రాసిన నాకే తెలియదు.

తెలియకుండానే పోటీకి పంపాను. ఒక వారపత్రిక కొత్తవాళ్ళ కోసం పెట్టిన పోటీ అది. మొదటి భాగం పంపితే చాలు. నాది గెలిచింది, అచ్చయింది. వెంటనే సంపాదకుడి నుంచి కబురు: శుక్రవారం సాయంత్రానికి రెండో భాగం చేరాలి, లేకపోతే ఆ పేజీలు రెండో బహుమతి వచ్చినాయనకి.

అచ్చులో పేరు చూసుకున్న రోజునుంచీ నా చెయ్యి కదలడం మానేసింది. వాక్యం మొదలుపెడితే చాలు, చెవిలో బావ నవ్వు వినిపించేది. బావంటే మా అక్క మొగుడు, కళ్ళజోళ్ళ షాపు నడిపేవాడు. అక్కా బావా, నేనూ, పిన్నీ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. భోజనాల దగ్గర బావ మొదలెట్టేవాడు.

"రచయితగారూ, శవం ఎవరిదో తేలిందా?"

"తేలుతుంది బావా."

"తొందరగా తేల్చండి. వాసనొస్తోంది."

అక్క కూడా నవ్వేది, ద్రోహి.

మేడమీద పిన్ని టైపు ఇన్‌స్టిట్యూట్. నేనూ అక్కడే టైపు నేర్చుకునేవాణ్ణి. పొడుగాటి గది, గోడవారగా మిషన్లు, మిషన్ ఆయిలూ కొత్త కాగితమూ కలిసిన వాసన. ఇప్పటికీ ఎవరైనా తలుపు బందుకి నూనె వేస్తే ఆ గది నా కళ్ళముందుకొచ్చి నిలబడుతుంది. పిన్ని కుర్చీలో కళ్ళు మూసుకుని చెవులతోనే పాఠం చెప్పేది. "మూలమిషనూ, ఆ వేలు కాదు!" ఎలా తెలిసేదో!

క్లాసులో చివరి పావుగంట ఆవిడ సొంత పద్ధతి. రిబ్బను మీటని నలుపూ ఎరుపూ దాటించి తెల్లచుక్క మీద పెట్టించేది. అక్కడ అక్షరం కాగితానికి తగులుతుంది కానీ సిరా అంటదు.

"ఇక బుర్రలో ఏదుంటే అది కొట్టండి. చదివేవాళ్ళెవరూ లేరు, మీక్కూడా కనపడదు. మిషను మాత్రం ఆగకూడదు."

వేళ్ళకి భయం పోవడానికట. అంతకుమించి ఆవిడకి రాతకోతలతో పనిలేదు.

సోమవారం నా మిషను ఆగింది.

"ఏరా, కిటికీ పక్కాయనా, నిద్రా?"

"ఏం కొట్టాలో తోచడంలేదు పిన్నీ."

"తోచడంలేదనే కొట్టు."

పేజీ నిండా అదే కొట్టాను. మర్నాడు అలా కొడుతూండగానే నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూచున్న రోజులు వచ్చాయి. వాటి వెనకే, మా వీధిలో కాలు కుంటుతూ తిరిగిన కుక్క, ఎప్పుడు మరిచిపోయానో కూడా తెలియని మొహాలు. బుధవారం కోపం వచ్చింది. ఆ ఊపులో బావని బోర్లా పడేసి, పక్కన పగిలిన కళ్ళజోడొకటి పెట్టి, హాయిగా చంపేశాను. గంట కొట్టేదాకా వేళ్ళు ఆగలేదు. తెల్లగా ఉన్న ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం చొక్కా ఉతకబోతూ అక్క ఆ కాగితాన్ని తీసి బల్లమీద పడేసింది. పొద్దస్తమానం అద్దాలమీద గీతలు వెతికే మనిషి కదా బావ, దాన్ని దీపంకేసి ఎత్తి చూశాడు.

"ఏమిటర్రా, దీన్నిండా గుంటలే!"

పెన్సిలు ఏటవాలుగా పట్టుకుని మెల్లగా రుద్దాడు. నల్లటి పొడిలోంచి తెల్లటి అక్షరాలు లేచాయి. నేను లాక్కునేలోపే బావ గొంతు సవరించుకున్నాడు.

"'శవాన్ని వెల్లకిలా తిప్పారు. ఊళ్ళో అందరికీ కళ్ళజోళ్ళు అమ్మినవాడు. చచ్చినా ఆ వెటకారపు నవ్వు పోలేదు...' ఒరేయ్, ఇది నేనేగా!"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిన్ని ఆ పాటి మొహమాటం కూడా పడలేదు, పడీపడీ నవ్వింది.

"నన్నెందుకు చంపావురా? నేనేం చేశాను?"

అంతకుముందైతే లేచి గదిలోకి పోయేవాణ్ణి. ఆ రోజు వేళ్ళకి పట్టిన వేగమే నోటికీ పట్టుకుంది.

"అంతకుముందు జరిగిన ఇంకో హత్యకేసులో, వీధి చివర్నుంచి హంతకుణ్ణి చూశానని ఒకడు కోర్టులో సాక్ష్యం చెప్పాడు బావా. ఆ హత్య జరిగిన రోజు వాడి కళ్ళజోడు రిపేరుకని నీ షాపులో ఉంది. అది లేకపోతే వాడికి మనిషికీ కరెంటు స్తంభానికీ తేడా తెలియదు. ఆ సంగతి తెలిసింది నీకొక్కడికే."

ఎవరూ నవ్వలేదు. బావ పెన్సిలు కింద పెట్టాడు.

"నేను నిజం చెప్పేస్తానని చంపారన్నమాట."

"అంతే."

"మరి వాడిచేత అబద్ధం చెప్పించిందెవరు?"

"ఇంకా తెలియదు."

పిన్ని ఇన్‌స్టిట్యూట్ తాళంచెవులు నా ఒళ్ళోకి విసిరింది. "పైకెళ్ళి తెలుసుకో. ఈసారి మీట నలుపుమీద పెట్టుకో."

బావ నా వెనకే మేడెక్కి, స్టూలు లాక్కుని కూచున్నాడు. నేను కాగితం ఎక్కిస్తూంటే అన్నాడు: "దెబ్బ వెనకవైపేగా? మొహం జోలికి పోకు."

శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళి రెండో భాగం నా చేత్తో పత్రికాఫీసులో ఇచ్చివచ్చాను. ఇన్‌స్టిట్యూట్ ఎప్పుడో మూతపడింది, పిన్నీ పోయింది. పొద్దున్నే పావుగంట ఎవరికీ చూపించని రాత రాసుకోనిదే నాకు ఇప్పటికీ అసలు పని మొదలుకాదు. ఆ తర్వాత సీరియల్ సీరియల్‌కీ మనుషుల్ని చంపుతూనే ఉన్నాను కానీ, చచ్చి అంత సంతోషించినవాణ్ణి మళ్ళీ చూడలేదు. రెండో భాగం అచ్చయిన వారమంతా బావ షాపుకొచ్చిన ప్రతి మనిషి ముందూ పత్రిక తెరిచి, శవం బొమ్మమీద వేలు పెట్టేవాడు.

"ఇది నేనేనండీ."