రాటకు పెట్టిన బొట్టు

పెందుర్తిలో మా మావగారి స్థలానికి సరిగ్గా నడిమధ్యన గొడ్ల సాల ఉంది. ఉంది అంటే, పడిపోవడం కూడా చేతకాక నిలబడి ఉంది. గేదెల్ని అమ్మేసి పదేళ్లు దాటింది. మా ఆయన రమణమూర్తి స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి కుదిరాక అటు తొంగిచూసినవాళ్లే లేరు.

ఆ సాల తీస్తేనే మా ఇంటికి పునాది. మేముండేది గోపాలపట్నంలో అద్దెవాటా. ఇంటామె చిట్టమ్మ పొద్దున్న ఒక్కసారి మోటారు వేస్తుంది. అప్పుడు పట్టుకోకపోతే ఆ రోజుకి నీళ్లు లేనట్టే. దసరాకల్లా ఖాళీ చెయ్యమని కూడా చెప్పేసింది. నాకు మేడలు అక్కర్లేదు. నేను తిప్పితే నీళ్లొచ్చే కొళాయి ఒకటి చాలు.

వన్ టౌన్ నుంచి పాత కలప కొనే ఆయన్ని పిలిపించాం. కప్పు మోసే నడిమి స్తంభం దగ్గర్నుంచి అన్నీ గోరుతో గీకి చూశాడు. "మద్దె రాటొక్కటే టేకమ్మా. మిగతాదంతా సెద తినీసింది. ముందు సాల పడగొట్టించండి, రాట నాను అట్టుకెళ్తాను" అన్నాడు. మా మరిది చందు అగ్గిపుల్ల గీసి పారెయ్యమన్నాడు. పక్కనే చిలకమ్మది తాటాకిల్లు! ఇక మిగిలింది పొక్లెయిన్. ఊరంతా లేఅవుట్లు వేస్తున్న రోజులు, డ్రైవరు కొత్తల్లుడిలా బతిమాలించుకుని వచ్చే సోమవారం వస్తానన్నాడు.

ఈలోగా దొంగలు పడ్డారు. తలుపు పోయింది, వాసాలు పోయాయి, పెంకులు రోజూ తగ్గుతున్నాయి. నాకైతే ప్రాణం లేచొచ్చింది. అడక్కుండానే మన పని చేసిపెడుతున్నారు, పోనిద్దురూ అన్నాను.

"రాట కూడా అట్టుకుపోతారే! టేకు!" అని మా ఆయన గింజుకున్నాడు.

మర్నాడు డ్యూటీకి ముందే పెందుర్తి వెళ్లి, రాటకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, వేపకొమ్మ కట్టి వచ్చాడు. "ఇంకెవుడు ముట్టుకుంటాడో సూస్తాను" అని సాయంత్రం గొప్పలు పోయాడు. దొంగతనాలు నిజంగానే ఆగిపోయాయి. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

సోమవారం పొక్లెయిన్‌తో పాటు మేమూ వెళ్లాం. రాట మొదట్లో దీపం వెలుగుతోంది. నిమ్మకాయలు, గాజులు, కొబ్బరిచిప్పలు, గిన్నెలో పెరుగన్నం. డ్రైవరు ఇంజన్ ఆపి, కిందికి దిగి, చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు.

"పిల్లలు గలోణ్ణి బాబూ. నా సేత్తో సెయ్యను" అన్నాడు.

"అమ్మోరూ లేదు, ఏటీ లేదయ్యా! దొంగల కోసం నానే పెట్నాను!" అని మా ఆయన అరిచాడు.

దీపంలో నూనె పోస్తున్న చిలకమ్మ తలెత్తింది. "నువ్వే పెట్నావు బాబూ, కాదన్లేదు. పెట్టించినదెవులు? నీ బుర్రకి అంత తోస్తాదేటి?"

మా ఆయన సాయానికి నా వైపు చూశాడు. ఆయన బుర్ర సంగతి నాకూ తెలుసు.

పొక్లెయిన్ వచ్చిన దారినే వెళ్లిపోయింది. కోపం పట్టలేక నేనే గునపం తీసుకున్నాను. ఆ పసుపు మా వంటింటి డబ్బాలోది, కుంకుమ నేను కొన్నది. అన్నీ తెలిసి కూడా నా చెయ్యి లేవలేదు. రేపు ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే ఈ గునపమే గుర్తొస్తుంది. ఒక్క రాటను కదపలేని నా చేతకానితనానికి ఏడుపొచ్చి, అక్కడే కూర్చుని ఏడ్చాను. చిలకమ్మ అది భక్తి అనుకుని నా నుదుటన బొట్టు పెట్టింది.

దసరా దగ్గరకొచ్చింది. చిట్టమ్మ మోటారు వెయ్యడమే మానేసింది. మా ఆయన అద్దె ఇళ్ల కోసం తిరుగుతూ నా మొహం చూడటం లేదు. శుక్రవారం పొద్దున్నే కొబ్బరికాయ కొనుక్కుని పెందుర్తి బస్సెక్కాను. సాల ముందు ఆడవాళ్ల వెనకాల నిలబడి, నా వంతు వచ్చాక కాయ కొట్టి చేతులు జోడించాను.

"అమ్మా, మాకో ఇల్లియ్యి" అని మొక్కాను. స్థలం ఆమె దగ్గరే ఉంది మరి, ఇంకెవర్ని అడగను?